రోగశేషం

అప్పునూ, నిప్పునూ, పగనూ, రోగాన్నీ శేషం లేకుండా చూసుకోవాలని మన పెద్దలంటారు. మొదటి మూడింటి విషయంలో నాకు వాళ్ళతో పేచీ లేదు. ట్రెజరీ ఆఫీసులో ముప్ఫై రెండేళ్ళు లెక్కలు చూసినవాణ్ణి. పద్దులో పైసా మిగిలితే నిద్రపట్టని జాతి మాది. నాలుగోదాని దగ్గరే సందేహం వచ్చింది. పలకమీద గీత పోవడం లేదని పలకనెంత అరగదియ్యాలి?

ఇది పొద్దుపోక వేసుకున్న ప్రశ్న కాదు. ప్రోస్టేటు గ్రంథిలో కాన్సరు వుందని నా అరవై తొమ్మిదో యేట గ్రంథి మొత్తం తీసేశారు. గ్రంథి పోయాక రక్తంలో పి.ఎస్.ఎ. అనే పదార్థం దాదాపు కనిపించకూడదు. నాకు ఏడాదిన్నర అలాగే వుండి, తరువాత 0.2 అయింది, ఆ పైన 0.3. అంటే ఎక్కడో నాలుగు కణాలు మిగిలాయన్నమాట. ఒంట్లో నొప్పి లేదు, ఆకలి దివ్యంగా వుంది, రోజూ కాలవగట్టు దాకా నడిచి వస్తున్నాను. డాక్టరుగారు మాత్రం రేడియేషను అన్నారు. మనవాళ్ళ భాషలో కరెంటు పెట్టించుకోవడం. దాంతోపాటు హార్మోను మందు సంగతి కూడా ఆలోచించుకోమన్నారు.

కరెంటు సంగతి త్వరగానే తేలింది. ఆపరేషను కాగానే, అనుమానం వున్నవాళ్ళకు వెంటనే పెట్టెయ్యడమే మేలని చాలామంది డాక్టర్లు నమ్మేవారు. 2020లో ఫలితాలు వెలువడిన రాడికల్స్ అనే పరిశోధనలో 1,396 మందిని రెండు జట్లు చేసి చూశారు. వెంటనే పెట్టించుకున్న జట్టుకూ, అంకె పెరిగినప్పుడు చూద్దామని ఆగిన జట్టుకూ జబ్బు అదుపులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆగినవాళ్ళలో ఎక్కువమందికి అయిదేళ్ళదాకా ఆ అవసరమే రాలేదు. మూత్రం ఇబ్బందులు వెంటనే పెట్టించుకున్నవాళ్ళకే ఎక్కువ. శేషాన్ని ఓ కంట కనిపెడుతూ బతకవచ్చుననేగా దీనర్థం! పెద్దలమాటకు ఈపాటి సవరణ వుండాల్సిందే. అయితే నా అంకె లేచింది గనక నేను ఆగే ఘట్టం దాటాను. ఆరున్నర వారాలు రోజూ వెళ్ళి ఆ బల్లమీద పడుకుని రావాలి. పడుకుంటాను.

అసలు చిక్కు హార్మోనుది. మగతనాన్నిచ్చే హార్మోనును తగ్గిస్తే ఈ కాన్సరు ముడుచుకుంటుందని చార్లెస్ హగ్గిన్స్ అనే ఆయన 1941లో చూపించాడు. 1966లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. జబ్బుకు మేత ఆపడమే కిటుకు. కాని అదే గాదెలోంచి మనిషీ తింటున్నాడు. కోరిక సన్నగిల్లుతుంది, కండ కరుగుతుంది, ఎముక పలచబడుతుంది, ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు లేస్తాయి.

ప్రతిఫలం ఎంత? అమెరికా, కెనడాల్లో నాలాటి 760 మందిమీద చేసిన పరిశోధన 2017లో అచ్చయింది. కరెంటుతోపాటు రెండేళ్ళు ఆ హార్మోనును అడ్డే మాత్ర వేసుకున్నవాళ్ళలో 12 ఏళ్ళకు నూటికి 76 మంది బతికున్నారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 71 మంది. అసలు మాత్ర మింగినవాళ్ళలో నూటికి 70 మందికి రొమ్ములు పెరిగాయి. అంటే అయిదుగురి కోసం నూరుమందీ మింగాలి. ఆ అయిదుగురెవరో ఎవరికీ తెలియదు. పైగా 2020లో అదే లెక్కను విడదీసి చూస్తే, అంకె తక్కువగా వుండగానే కరెంటు పెట్టించుకున్నవాళ్ళకు ఆ ఆయుర్లాభం కనబడలేదు.

"ఇన్సూరెన్సు ప్రీమియం కట్టినట్టనుకోండి బావగారూ" అన్నాడు మా బావమరిది. ప్రీమియం జీతంలోంచి కట్టేవాణ్ణి, ఇది నాలోంచి కట్టాలి. కోరికలు జయించినవాణ్ణి రుషి అన్నారు, నిజమే. ఆయన దానికోసం తపస్సు చేశాడు. ఇంజెక్షను పొడిపించుకుంటే వచ్చే వైరాగ్యం ఏ ఖాతాలో రాయాలి? కోరిక పోయిందన్న విచారం కూడా పోయాక మిగిలేవాడు నేనేనా?

ఈ ధోరణిలో రెండురోజులు మాట్లాడాను. మా ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నది. "ఏమండీ, నలభై ఎనిమిదో యేట నాకూ వచ్చాయి ఈ ఆవిర్లు. సంక్రాంతి చలిలో ఫాను వేసుకుని కూర్చునేదాన్ని. నేను నేనేనా అని ఎవరూ చర్చ పెట్టలేదు. నాకూ తోచలేదు. పిల్లల పరీక్షలు కదా అప్పుడు" అంది.

మగతనం గురించిన నా వేదాంతం సగం అక్కడే కూలింది. మిగిలిన సగం మా అబ్బాయి గురించి. "నాన్నా, రిస్కు వద్దు, వున్నవన్నీ చేయించెయ్యండి" అని హైదరాబాదునుంచి రోజూ ఫోను. వాడి ప్రేమను శంకించను. కాని 'అన్నీ చేయించాం' అన్న నిశ్చింత వాడికి దక్కుతుంది, దాని ఖరీదు నా ఎముకలు చెల్లిస్తాయి. బిడ్డలకోసం ఎన్నో ఇచ్చాం. వాళ్ళ మనశ్శాంతికోసం ఇదీ ఇవ్వాలా? ఇవ్వనక్కరలేదనే నా తీర్పు. ఇంకోడి భయం తీరడానికి మందు మింగడం వైద్యం కిందికి రాదు.

ఈ లెక్క నాది మాత్రమే. అంకె బాగా పెరిగిన మనిషికీ, జబ్బు ఎముకలకు పాకిన మనిషికీ ఇది చెల్లదు. వాళ్ళకు ఆ ఇంజెక్షనే ఆయుష్షు పోస్తుంది, మానమని ఎవరు చెప్పినా వినకూడదు.

కరెంటుకు సంతకం పెట్టాను. హార్మోను ఇప్పటికి వద్దన్నాను. డాక్టరుగారు నా కాగితాలన్నీ మరోసారి తిరగేసి, "మీ విషయంలో అదీ ఒక పద్ధతే, మూడునెలలకోసారి రక్తం ఇవ్వడం మాత్రం మానకండి" అన్నారు. అబ్బాయికి చెప్పే పని మా ఆవిడ తీసుకుంది.