ఇద్దరు మనుషులు, రెండు రిసోర్సులు

కౌంటబుల్, అన్‌కౌంటబుల్ అనగానే లెక్కకి అందేవి, అందనివి అనుకుంటాం. మరి ఫర్నిచర్? మూడు కుర్చీలున్నాయని ఇంగ్లిష్‌లో చెప్పొచ్చు, మూడు ఫర్నిచర్లు అనకూడదు. ఓట్స్ బహువచనం, వీట్ ఏకవచనం, రెండూ గింజలే. మన దగ్గరా అంతే: వడ్లు బహువచనం, దంచాక వచ్చే బియ్యం ఏకవచనం. పాలు, నీళ్ళు ఎప్పుడూ బహువచనాలే. అంటే ఈ గీత పూర్తిగా వస్తువులో లేదు, కొంత మన చూపులోనూ ఉంది. చూపులో ఉందంటే, అది మనుషుల మీద పడినప్పుడు నీతి ప్రశ్న కూడా అవుతుంది.

క్వైన్ 'వర్డ్ అండ్ ఆబ్జెక్ట్' (1960)లో అన్‌కౌంటబుల్ మాటల గుణం ఒకటి పట్టుకున్నాడు. నీళ్ళకి నీళ్ళు కలిపితే నీళ్ళే. కుర్చీకి కుర్చీ కలిపితే మాత్రం ఇంకో పెద్ద కుర్చీ రాదు. ఇప్పుడు 'మ్యాన్‌పవర్' అనే మాట చూడండి. అదీ అన్‌కౌంటబులే. తక్కువైతే ఇంకాస్త పోయొచ్చు అన్న ఊహ ఆ మాటలోనే ఉంది. ఐబీఎమ్‌లో ఓఎస్/360 పని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో 'ది మిథికల్ మ్యాన్-మంత్' రాసి ఆ ఊహనే కొట్టేశాడు. ఆలస్యమైన ప్రాజెక్టులో మనుషుల్ని కలిపితే అది మరింత ఆలస్యమవుతుందన్నాడు. ఎందుకంటే కొత్తగా వచ్చినవాళ్ళకి పని నేర్పాలి, అందరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. మనుషులు నీళ్ళు కారు.

సరే, మనిషిని కౌంటబుల్ చేస్తే సరిపోతుందా? 'రిసోర్స్' కౌంటబులే కదా! "ఇంకో రెండు రిసోర్సులు కావాలి" అంటాం. ఒక మనిషిని రెండు ప్రాజెక్టులకి పంచి "సగం రిసోర్స్" అని కూడా అంటాం. ఇక్కడే తెలుగు మనల్ని పట్టిస్తుంది. మనుషుల్ని లెక్కపెట్టడానికి మనకి వేరే అంకెలున్నాయి: ఒకరు, ఇద్దరు, ముగ్గురు. "రెండు డెవలపర్లు" అంటే చెవికి గుచ్చుకుంటుంది. "రెండు రిసోర్సులు" గుచ్చుకోదు. కొందరి నోట "ఇద్దరు రిసోర్సులు" అని వస్తుంది. మాట మారినా అంకె మనిషిని వదల్లేదన్నమాట. చనిపోయాకే ఆ అంకె పోతుంది: రెండు శవాలు.

ఇందులో తెలుగు గొప్పేం లేదు. "ఆమె వచ్చింది", "బస్సు వచ్చింది": ఏకవచనంలో ఆడమనిషికీ బస్సుకీ ఒకటే క్రియ. ఇద్దరు ముగ్గురైతే తప్ప మన వ్యాకరణం ఆమెని మనుషుల్లో కలపదు. ఏ భాషా పుట్టుకతో నీతిమంతురాలు కాదు.

లెక్కపెట్టకుండా జీతాలూ ఇవ్వలేం, అన్నమూ వండలేం. కాబట్టి తప్పు లెక్కపెట్టడంలో లేదు. లెక్కపెట్టడం వేరు, లెక్కచేయడం వేరు, అంతే. "ఎంతమంది?" అని అడిగితే, "ఎవరెవరు?" అనే ప్రశ్న వెనకే వస్తుంది. "ఎన్ని?" అని అడిగితే రాదు. అందుకే మీటింగులో ఏ ప్రశ్న అడుగుతున్నామో గమనించుకోవడం వ్యాకరణం పని మాత్రమే కాదు.