కట్ట మీద మైసమ్మ, కట్ట కింద ఊట

2022 జులైలో కడెం ప్రాజెక్టు మీద గడిచిన ఆ రాత్రిని పాత ఆదిలాబాద్ జిల్లా వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. వరద 5 లక్షల క్యూసెక్కులు దాటింది. ఉన్న 18 గేట్లలో ఒకటి మొరాయించింది. మిగతా 17 ఎత్తినా వచ్చినంత నీరు బయటికి పోలేదు. దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. చివరికి వరద తగ్గింది, ఆనకట్ట నిలిచింది.

"దేవుడే కాపాడిండు" అన్నారు జనం.

కట్ట తెగితే ఇల్లూ గొడ్డూ పోగొట్టుకునేవాళ్ల నోట వచ్చిన మాట అది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఆ మాట దగ్గరే ఆలోచన ఆగిపోతే చిక్కు. మరుసటి జులైలోనే కడెంకు మళ్లీ వరదొచ్చింది. ఈసారి 4 గేట్లు లేవలేదు, నీరు గేట్ల మీదుగా దూకింది.

ఇదే ఆనకట్ట 1958 ఆగస్టులో తెగింది. లెక్కగట్టిన దానికంటే ఎక్కువగా, సెకనుకు సుమారు 14,700 ఘనపు మీటర్ల వరద వచ్చింది. కట్ట మీద 46 సెంటీమీటర్ల ఎత్తున నీరు పొర్లి, ఎడమవైపు 137 మీటర్ల మేర గండి పడింది. 2022లో కాపాడిన దేవుడు 1958లో ఎక్కడున్నాడు? భక్తుడు ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేడు, చెప్పాల్సిన అవసరమూ లేదు. లెక్క ఎక్కడ తప్పింది, గేటు ఎందుకు లేవలేదు అన్నవి మాత్రం మనుషులే జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతుంది: పని జరిగే చోటు, చేసేవాడు, పనిముట్లు, పలు విధాల ప్రయత్నం, ఐదోది దైవం. ఆనకట్టకు అన్వయించుకుంటే మొదటి నాలుగూ పునాది, ఇంజినీరు, గేట్లూ గొలుసులూ, ఏటేటా చేసే మరమ్మతు. ఈ నాలుగూ సరిచూసుకోకుండా ఐదోదాని మీద భారం వేయడం భక్తి అనిపించుకోదు.

పాత కరీంనగర్ జిల్లాలోని కాళేశ్వరం గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్నాయి, ఒకటి యముడిది, ఒకటి శివుడిది. ముక్తేశ్వర లింగం రంధ్రాల్లో పోసిన నీరు కంటికి కనబడని దారిలో వెళ్లి గోదావరి, ప్రాణహితల సంగమంలో కలుస్తుందని నమ్మకం. ఆ సంగమానికి దిగువన కట్టిన మేడిగడ్డ బరాజుకు లక్ష్మి పేరు పెట్టారు. 2019 జూన్ 21న ఆ బరాజు భాగంగా ఉన్న కాళేశ్వరం ప్రాజెక్టు ప్రారంభమైంది. 2023 అక్టోబరు 21న ఆ బరాజు ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. పరిశీలించిన జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు ప్రణాళిక మొదలు నిర్వహణ దాకా లోపాలు ఎత్తిచూపారు. పునాది కింది ఇసుక నీటితో పాటు జారిపోవడం వాళ్లు చూపిన కారణాల్లో ఒకటి. అక్కడా నీరు కంటికి కనబడని దారే పట్టింది. దేవత పేరు పెట్టినవాళ్ల మీద ఆ దారిని కనిపెట్టి చూసే బాధ్యత ఇంకా ఎక్కువ.

తెలంగాణ పల్లె ఈ సంగతి ఎరుగును. చెరువు కట్ట మీద కట్ట మైసమ్మ ఉంటుంది. చెరువు నిండితే ఆమెకు బోనం. అదే కట్ట మీద నీరటి కూడా తిరిగేవాడు. తూము, మత్తడి, కట్ట అడుగు చూసుకోవడం అతని పని. మైసమ్మ ఉంది కదా అని ఊరు నీరటిని మాన్పించలేదు, నీరటి ఉన్నాడని మైసమ్మను మరవలేదు. వానాకాలానికి ముందొకసారి, తర్వాత ఒకసారి ఆనకట్టలను తనిఖీ చేయాలని 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం చెబుతుంది. నీరటి ఆ పనిని వానలో తడుస్తూ చేసేవాడు.

మైసమ్మకు దండం పెట్టుకుని కట్ట దిగేవాడు. అడుగున ఊరే నీటిని దోసిట్లో పట్టి చూసేవాడు. తేటగా ఉంటే ముందుకు నడిచేవాడు. మట్టి రంగు తిరిగితే కట్ట లోపల బుంగ పడుతున్నట్టు. ఇక ఊరిని లేపడానికి పరుగే, తట్టలూ పారలూ పట్టుకుని జనం కట్ట మీదికి చేరేదాకా.