వీరుని కుటుంబము: దానమా? ఋణమా?

ప్రతి సంవత్సరమును డిసెంబరు 7వ తేదిని సాయుధదళముల పతాకదినము జరుగును. 1949లో నేర్పడిన యాచారమిది. ఆనాడు విద్యార్థులు చిన్న పతాకములను పంచి, సైనిక కుటుంబముల సహాయార్థము ద్రవ్యము వసూలు చేయుదురు. ఒక యేడు మేము మా తరగతిలోని బాలునొకని చేతికి డబ్బీ నీయబోగా వాడు చేతులు వెనుకకు పెట్టుకొనెను. వాని తండ్రి సైన్యములో నుండెను. “మా నాయన కొఱకు నేను బిచ్చమెత్తవలెనా, మాస్టరుగారూ?” అని వాడడిగెను. ఇది బిచ్చము కాదని మేము వెంటనే చెప్పితిమి. “మఱి యేమి?” అని వాడు మరల నడిగినప్పుడు తడుముకొంటిమి. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

ముందుగా నన్యదేశమందలి దృష్టాంతము నొకదానిని చూతము. 1980 ఏప్రిలులో, టెహరానునందు బందీలుగానున్న స్వదేశీయులను విడిపించుటకై అమెరికావారు ఏరికోరి కూర్చిన దళమును రహస్యముగా ఇరాను ఎడారికి పంపిరి. ఆ యత్నము విఫలమయ్యెను. వెనుదిరుగు వేళ హెలికాప్టరొకటి విమానమునకు తగులుటచే 8 మంది మరణించిరి. అట్లు దెబ్బతిన్న కుటుంబములలో 17 మంది బిడ్డలుండిరి. వారిని చదివింపవలెనను సంకల్పముతో నా సంవత్సరమే యొక విద్యానిధి యేర్పడెను. అదియే పెరిగి పెద్దదై, నేడు స్పెషల్ ఆపరేషన్స్ వారియర్ ఫౌండేషన్ అను పేర, ప్రత్యేకదళములలో విధినిర్వహణమునందు గతించినవారి బిడ్డలకు చదువు చెప్పించుచున్నది.

ఇచట గమనింపదగిన దొకటి కలదు. కార్యము చెడినను ఆ బిడ్డలకు రావలసినది రాకపోలేదు. అది జయమునకిచ్చు బహుమానమే యైనచో వారికేమియు దక్కకుండెడిది. జాలిచే వేసిన భిక్షమే యైనచో జాలితోబాటు కొలదికాలమునకే యడుగంటెడిది. పంపినది దేశము, పోయినవాడతడు, లోటు వాని యింటిది. కావున నిది ఋణమే యని మా నిశ్చయము.

ఋణమే యగుచో ప్రత్యేకదళములవారి యిండ్లకు ప్రత్యేకాదరమెందులకు? సామాన్య సిపాయి బిడ్డ యాకలి యాకలి కాదా? అని పాఠకులడుగవచ్చును. ఈ యాక్షేపణము త్రోసివేయదగినది కాదు. మా యభిప్రాయమున సహాయమునకు కొలత కీర్తి కాదు, భారము. ఈ దళములవారు మాటిమాటికి, అల్పవ్యవధిలో, పోవుచోటు చెప్పకయే పోవుదురు. భర్త యెచ్చటనున్నాడో భార్యకు తెలియదు. తెలిసినను పొరుగింటివారితో పలుకరాదు. తక్కిన సిపాయిల భార్యలకు ఇరుగుపొరుగు వారి యోదార్పయినను కలదు; ఈమె కదియును కొఱతయే. 2001 మొదలు పదేండ్లపాటు సాగిన యుద్ధములచే నీ దళములు అంచులవెంట చివికిపోవుచున్నవని వాని యధిపతియైన అడ్మిరల్ ఎరిక్ ఓల్సన్ 2011లో బహిరంగముగా నొప్పుకొనెను. అటుపిమ్మట దేహము, మనస్సు, కుటుంబము, ఆధ్యాత్మికబలము అను నాలుగింటిని కలిపి కాపాడు కార్యక్రమమొకటి యచట వెలసినది. విశేషభారమునకు విశేషసహాయము న్యాయమే. కాని అన్నము, చదువు, వైద్యము అను వానియందు మాత్రము వీరుని బిడ్డకును సామాన్యుని బిడ్డకును భేదముండరాదు.

ఇక మన దేశమునకు వత్తము. సైనికుల భార్యల క్షేమము కొఱకు 1966 నుండి యొక సంఘము పనిచేయుచున్నది. ఇది సంతోషింపదగిన విషయము. అయినను మన మనస్సునందలి గందరగోళమును బయటపెట్టు నిబంధనమొకటి యిటీవలివఱకు నుండెను. శౌర్యపతకములు పొంది గతించినవారి భార్యలకు ప్రభుత్వము భత్యమిచ్చును. ఆమె పునర్వివాహము చేసికొన్నచో నది నిలిచిపోయెడిది. భర్త సోదరునే పెండ్లాడినచో మాత్రము కొనసాగెడిది! 2017 నవంబరులో రక్షణశాఖవారు ఈ నిబంధనమును తొలగించిరి. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదిని. నడుమ గడచినవి సుమారు 136 ఏండ్లు!

అప్పు తీర్చువాడు అప్పిచ్చినవానితో “నీవెవరిని పెండ్లాడవలెనో నేను చెప్పెదను” అనునా? అనజాలడు. దాత మాత్రమే యట్లనగలడు. ఋణమని నోట పలికి, దానమని లోన తలంచుటచేతనే యిట్టి నిబంధనములు పుట్టుచున్నవి. మన యిండ్లలోను నిట్లే జరుగుచుండును. వీరపత్ని యని సభలో పూలమాల వేసి, ఆమె రంగుచీర కట్టినచో మఱునాడు వ్రేలు చూపుదుము. పతియొక్క త్యాగమునకు మనము చెల్లించునది యామె బ్రదుకుపై మనకధికారము నీయదు.

ఆ బాలుడు నేడు మాకెదురుపడినచో నిట్లు చెప్పుదుము: “నాయనా, అది బిచ్చము కాదు, ఊరివారి బాకీ. అయినను డబ్బీని నీ చేతికీయబూనుట మా పొరపాటే. బాకీపడినవాడు తానే తెచ్చి చెల్లింపవలెను గాని, యప్పిచ్చినవాని బిడ్డను వీధివెంట త్రిప్పరాదు. ఇటుమీద డబ్బీని మేమే పట్టుకొని తిరిగెదము.”