విన్నమాట ఎప్పుడు ప్రమాణం?

ఒక నాయకుడి గురించి ఇంటర్నెట్‌లో కనబడిన కథనాన్ని ఎప్పుడు నమ్మవచ్చు? భారతీయ తర్కశాస్త్రంలో ఈ ప్రశ్న శబ్దప్రమాణ చర్చకు చెందుతుంది. న్యాయదర్శనం ఒప్పుకున్న నాలుగు ప్రమాణాల్లో, అంటే సరైన జ్ఞానానికి సాధనాల్లో, ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం తర్వాతది శబ్దం. ఏ మాట పడితే ఆ మాట శబ్దప్రమాణం కాదు, ఆప్తుడి మాటే అవుతుంది. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పదలచినవాడు ఆప్తుడని న్యాయసూత్రాల భాష్యకారుడు వాత్స్యాయనుడు నిర్వచించాడు. ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఈ లక్షణం ఒకటేనన్నాడు. ఎంతో విలువైన నిర్ణయమిది. చెప్పేవాడి కులం గానీ, పార్టీ జెండా గానీ, వినేవాడితో ఉన్న చుట్టరికం గానీ మాటను ప్రమాణం చేయలేవు. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో దీన్ని ఇంకా కుదించి, యథార్థం చెప్పేవాడే ఆప్తుడన్నాడు.

మొదట చెప్పిందెవరో తెలియకుండా ఒకరి నోట ఒకరు వింటూ వచ్చిన మాట ఐతిహ్యం. ఫలానా మర్రిచెట్టు మీద యక్షుడున్నాడట అనడం దానికి శాస్త్రంలో వినిపించే ఉదాహరణ. పౌరాణికులు ఐతిహ్యాన్ని ప్రత్యేక ప్రమాణంగా లెక్కపెట్టారు. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు ఒప్పుకోలేదు: మొదట చెప్పినవాడు ఆప్తుడైతే అది శబ్దమే, కాకపోతే అసలు ప్రమాణమే కాదు. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అవుతూ వచ్చే రాజకీయ కథనం అచ్చం ఈ కోవలోదే. వంద గ్రూపుల్లో కనబడినంత మాత్రాన వందమంది సాక్షులు దొరికినట్టు కాదు.

అలాంటి కథనానికి ఒక ఉదాహరణ చూద్దాం. 2016 జులైలో, అమెరికా అధ్యక్ష ఎన్నికల వేళ, పోప్ ఫ్రాన్సిస్ డొనాల్డ్ ట్రంప్‌కు మద్దతు ప్రకటించారని ‘డబ్ల్యూటీఓఈ 5 న్యూస్’ అనే సైట్ రాసింది. పోప్ పేరిట ఒక ప్రకటనే అల్లింది. మరికొన్ని సైట్లు దాన్ని ఎత్తి రాశాయి, ఫేస్‌బుక్‌లో దానికి లక్షల్లో స్పందనలు వచ్చాయి. నమ్మినవారిని తెలివితక్కువవారని కొట్టిపారేయడం న్యాయం కాదు. కుమారిలభట్టు చెప్పిన మీమాంస దర్శనం ప్రకారం జ్ఞానం తనంతట తానే ప్రమాణం. దాన్ని కాదనే బాధకజ్ఞానం ఎదురైతేనో, అది పుట్టిన కారణంలో దోషం బయటపడితేనో తప్ప ఆ ప్రామాణ్యం పోదు. లోకంలో మనుషులు బతికేది ఇలాగే. రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పినవాణ్ని ఎవరూ ఆధారం అడగరు. అయితే ప్రామాణ్యాన్ని వేరే ఆధారంతో తేల్చుకోవాలన్నది నైయాయికుల పట్టు. ఓటును మార్చగల మాటకు, ఒకరి పరువు తీసే మాటకు ఆ పట్టే తగినది.

అయినా తేల్చుకునే దారులు మీమాంసకులు చూపినవే. పోప్ కథనంలో కారణదోషం కోసం ఎక్కడికో పోనక్కరలేదు; తనది కల్పిత వార్తల సైటని ఆ సైటే తన పరిచయ పేజీలో రాసుకుంది. ఇక బాధకం: ఎన్నికల ప్రచారాల గురించి తాను ఎన్నడూ మాట్లాడనని ఆ ఏడాది అక్టోబరు 2న విమానంలో విలేకరులతో పోపే అన్నారు. మన దేశంలో ఒక అభ్యర్థి ఆస్తుల గురించి కథనం వస్తే, ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో అతడి అఫిడవిట్ చూడవచ్చు. అతడు ఏం ప్రకటించాడో అది చెబుతుంది, ఏం దాచాడో చెప్పదు. ఆ తేడా గుర్తుంచుకునే చదవాలి.

వీడియో దగ్గర చాలామంది పొరబడతారు, కళ్లారా చూశామనుకుంటారు. నిజానికి వీడియో చూసినవాడు సంఘటనను చూడలేదు. అది జరిగిందని చెప్పే సాక్ష్యాన్ని చూశాడు. కనుక ఆప్తుడెవరన్న ప్రశ్న దానికీ వర్తిస్తుంది. 2022 మార్చిలో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ తన సైనికులను ఆయుధాలు దించమన్నట్టు కృత్రిమంగా తయారుచేసిన ఒక డీప్‌ఫేక్ వీడియో వచ్చింది. ఆయన వెంటనే తన ఖాతాలో వీడియో పెట్టి ఖండించారు. ఆ ఖండన కూడా వీడియోయే. రెంటిలోనూ కనిపించింది ఆయన రూపమే. రెండోదాన్ని నమ్మదగినదిగా చేసింది అది ఎవరి ఖాతా నుంచి వచ్చిందో తెలియడం.