బిడ్డ మాట వినబోవు వారికి



తెక్కలకోట కూటమునుండి మాకు ఒక ఉత్తరము వచ్చినది. అక్కడి మన సహోదరీలిద్దరు బళ్ళారి జిల్లా బాలల సంక్షేమ సమితిలో సభ్యత్వమునకు దరఖాస్తు ఫారములు తెచ్చుకొన్నారు. ఇద్దరును బి.ఎడ్. చదివి, చాలకాలముగా పిల్లలకు పాఠములు చెప్పుచున్నవారే. "ఇంటర్వ్యూకు పిలిస్తే ఏం చదువుకొని వెళ్ళాలి అయ్యగారూ?" అన్నది వారి ప్రశ్న. సగము జవాబు ఉత్తరములో వ్రాసితిమి. మిగతాది వెళ్ళి చెప్పి వచ్చితిమి. మీకును పనికివచ్చునని ఇక్కడ వ్రాయుచున్నాము.

2015 బాలల న్యాయ చట్టము ప్రకారము ఈ సమితిలో అధ్యక్షస్థానములో ఒకరు, సభ్యులు నలుగురు ఉందురు. కనీసము ఒక స్త్రీ ఉండవలెను. నెలకు 20 దినములకు తగ్గకుండ కూర్చోవలెను. నియామకము 3 ఏండ్లకు మించదు. ఇది నెలజీతపు ఉద్యోగము కాదు, కూర్చున్న దినములకు భత్యము మాత్రమే. అయినను మొదటి తరగతి మేజిస్ట్రేటుకున్న అధికారము వారికి కలదు. విడువబడిన బిడ్డ గాని, పనిలో పెట్టబడిన బిడ్డ గాని, పెండ్లిపీటల మీదనుండి లేపి తెచ్చిన బిడ్డ గాని, ఎవరు దొరికినను ప్రయాణకాలము గాక 24 గంటలలో సమితి యెదుటికి తేవలెను. స్కాట్లండులో 1971లో ఇట్టి పనికే జీతము లేని సామాన్య పౌరులను కూర్చోబెట్టిరి. కాబట్టి మనవంటివారికి ఇది మించిన పని అని భయపడనక్కరలేదు.

మనవారు ఎందుకు వెళ్ళవలెనో కూడ చెప్పెదము. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రకును, బళ్ళారి మైసూరుకును పోయినవి. గీత పటము మీద పడినది గాని కూలికి వచ్చువారికి గీత లేదు. తుంగభద్ర కాలువ నీటిని నమ్ముకొని మన పెద్దలు ఈ క్యాంపులకు వచ్చినట్లే, ఆ మెట్ట పొలములనుండి పత్తి తీతకు, మిరప కోతకు కుటుంబములు కదలును. పిల్లలును వెంట వత్తురు. అట్టి పిల్ల ఒకతె బళ్ళారిలో బల్లమీద కూర్చుండి, అడిగిన ప్రశ్నకు తలవంచుకొని ఊరకున్నచో, ఆ మౌనమును కాగితము మీద ఎట్లు వ్రాయుదురు? బళ్ళారిలో తెలుగు రానివారు తక్కువే. కాని బజారులో బేరమాడు తెలుగు వేరు, ఏడ్చుచున్న పిల్ల మాట వేరు.

ఇక సిద్ధపాటు సంగతి. చట్టము సెక్షన్లు కంఠస్థము చేయుటకు ముందు 2 సమూయేలు 16, 19 అధ్యాయములు చదువుడని చెప్పితిమి. యోనాతాను కుమారుడు మెఫీబోషెతు అయిదేండ్లవాడై యుండగా దాది యెత్తుకొని పరుగెత్తుటలో పడి, రెండు కాళ్ళు కుంటివైనవి. దావీదు అతనిని తన బల్లయొద్దకు తెచ్చుకొన్నాడు. మంచి రాజే. కాని తాను పారిపోవు దినమున సీబా గాడిదలమీద రొట్టెలు, ద్రాక్షలు తెచ్చి యజమానునిపై చాడీ చెప్పగా, అవతలివాని నోట ఒక్క మాటైన వినక ఆస్తియంతయు సీబాకు వ్రాసియిచ్చెను. తిరిగి వచ్చినప్పుడు మెఫీబోషెతు కాళ్ళు కడుగుకొనక, గడ్డము దిద్దుకొనక, ఆ దినమునుండి ఉదకని బట్టలతో ఎదురు వచ్చెను. అప్పుడైనను రాజు తన తీర్పును పూర్తిగా మార్చుకొనలేక, పొలము చెరిసగము చేసెను. ముందుగా వచ్చినవాని మాట ఎంత బలమైనదో చూడండి. సమితి ముందుకును బిడ్డకంటె ముందు పెద్దల మాటే వచ్చును.

ఇంటర్వ్యూలో అడుగదగిన ప్రశ్న ఒకటి మేమే వేసితిమి. పదునైదేండ్ల పిల్లకు పెండ్లి ఆపి తెచ్చిరి. తలిదండ్రులు బయట ఏడ్చుచు, ఇక చేయమని ఒట్టు పెట్టుచున్నారు. ఏమి చేయుదువు? ఇద్దరును ఒకేసారి, "హాస్టల్లో చేర్పిస్తాం" అనిరి.

వారిని తప్పుపట్టలేము. మనకు బోర్డింగు అంటే ప్రాణము. మనలో ఎందరి తండ్రులు మిషను బోర్డింగు అన్నము తిని అక్షరాలు నేర్చుకొన్నారు! కనుక ఏ పిల్లకు కష్టమొచ్చినను మన నోట మొదట వచ్చునది ఆ మాటే. చట్టము దానిని చివర పెట్టినది. ముందు ఆ పిల్లను విడిగా కూర్చోబెట్టి ఆమె ఏమి కోరుచున్నదో వినవలెను. 15 దినములలో ఇంటి పరిస్థితులపై విచారణ నివేదిక తెప్పించుకొనవలెను. తలిదండ్రులయొద్ద క్షేమమా, లేనిచో అమ్మమ్మ, మేనత్త వంటివారున్నారా చూడవలెను. ఇవేవియు కుదరనప్పుడే సంస్థ. మోషే రాజకుమార్తె చేతికి దొరికినను, అతని అక్క పరుగెత్తి కన్నతల్లినే దాదిగా తెచ్చినది గదా. అన్నట్లు, జిల్లాలో ఇట్టి పిల్లల సంస్థ నిర్వాహకవర్గములో ఉన్నవారు సభ్యులు కాజాలరు. మన పాస్టరు గార్లు కొందరు ఇది గమనించవలెను.

మరియొక సంగతి మనకు కష్టమైనదే. మనము ప్రార్థన మనవులు పేరు పెట్టి చెప్పుకొనువారము. సమితి ముందుకు వచ్చిన బిడ్డ పేరు, ఊరు, బడి బయటపెట్టిన యెడల 6 నెలల వరకు ఖైదు గాని, 2 లక్షల వరకు జరిమానా గాని, రెండును గాని పడును. బుధవారపు కూటములో పేరు లేకుండ ప్రార్థించుట నేర్చుకొందము. దేవునికి పేరు తెలియును.

ఇంతలో పెద్ద సహోదరి ఫారము మడిచి ప్రక్కన పెట్టినది. 2021 సవరణలో చేరిన అనర్హతలను ఆమె చదువుచుండెను. బాలకార్మికులను పెట్టుకొన్నవారు పనికిరారని అందులో ఉన్నది. "మా చిన్నవాడు పుట్టినప్పుడు ఆదోని వైపు నుంచి పదకొండేళ్ళ పిల్లను తెచ్చుకొన్నామండీ. చదివిస్తామని చెప్పాము. రెండేళ్ళు ఉంది. ఒక్క రోజు బడికి పంపలేదు" అన్నది. చాలకాలమైనది గదా, ఆ రోజులలో అందరిండ్లలోను ఉండేది గదా అని మేమే అంటిమి. అనినందుకు ఇప్పుడు సిగ్గుపడుచున్నాము. మా యింటిలోను ఉండేది. ఆమె మాత్రము, "ఆ పిల్ల ఇప్పుడు ఆ గదిలోకి వస్తే నేను ఎటు చూడాలండీ?" అని అడిగి ఊరకుండెను. మాకు జవాబు తోచలేదు.

చిన్న సహోదరి ఫారము పంపినది. పెద్దామె రోజు సాయంత్రము వారింటికి వెళ్ళి ప్రశ్నలు వేయుచున్నది. కొన్నిసార్లు తానే పిల్లవలె కూర్చుండి ఏమడిగినను మాటాడదట. మొదటి దినమున చిన్నామె నిమిషమైన ఆగలేక మూడు ప్రశ్నలు వరుసగా వేసినది. ఇప్పుడు కొంచెము ఆగుచున్నదని వ్రాసినారు. పిలుపు ఇంకను రాలేదు. ఇద్దరి కొరకును, పేరు తెలియని ఆ ఆదోని బిడ్డ కొరకును ప్రార్థించండి. ఆ బిడ్డ ఇప్పుడు పెద్దదై యుండును.