అందరం తిన్నాం, వండిందెవరు?

కార్తీకం వస్తోందంటే మన ఛానల్‌లో దీపాల గురించి, సోమవారం ఉపవాసాల గురించి చెప్పుకుంటూనే ఉంటాం. వనభోజనాల వీడియోలో ఉసిరి చెట్టు కిందే ఎందుకు తినాలో కూడా చెప్పాం. అందులో చెప్పకుండా వదిలేసిన మాట ఒకటుంది. మా ఇంటి సంగతి కదా, కెమెరా ముందు నోరు రాలేదు. ఇక్కడ రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. పలాస, మందస, సోంపేట, కవిటి వైపు సముద్రం పక్కన ఉండే కొబ్బరి, జీడితోటల ప్రాంతం. ఉద్యానవనమే నోళ్ళలో నలిగి ఉద్దానం అయిందంటారు. చిన్నప్పుడు ఏటా కార్తీకంలో ఒక ఆదివారం మా తోటలో చుట్టాలందరం కలిసేవాళ్ళం. తాతగారి అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు, అల్లుళ్ళు, మనవలు, అందరూ కలిస్తే నలభై విస్తళ్ళు లేచేవి. తోటలో ఒక పక్కన ఉసిరి చెట్టు. దానికి పసుపు, కుంకుమ పెట్టి, ఉసిరికాయ మీద దీపం వెలిగించి, ఆ తర్వాత భోజనాలు. వంట మా దొడ్డమ్మది.

దొడ్డమ్మ పుట్టిల్లు విజయనగరం. దసరా వెళ్ళిన మంగళవారం అక్కడ పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ. ఆ రోజుల్లో ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా చుట్టాలే. దొడ్డమ్మ వెళ్ళి అక్కడో ఇరవై మందికి వండిపెట్టి వచ్చేది. వచ్చిన కొన్ని వారాలకే మా కార్తీకం. తెల్లవారుజామున నాలుగింటికి తోటలో రాళ్ళ పొయ్యి మీద గుండిగ ఎక్కేది. పులిహోర, ఆవ పెట్టిన కంద బచ్చలి కూర, ముక్కల పులుసు, నువ్వుల పచ్చడి, బూరెలు. కంద తరిగితే చేతులు ఎలా దురదపెడతాయో తరిగినవాళ్ళకే తెలుస్తుంది. చింతపండు నీళ్ళలో చేతులు ముంచుకుంటూ తరిగేది.

మొదటి బంతి మగవాళ్ళకి, అల్లుళ్ళకి. రెండో బంతి పిల్లలకి. మూడో బంతి ఆడవాళ్ళకి. ఆ తర్వాత దొడ్డమ్మ. నాకు ఎనిమిదేళ్ళున్నప్పుడు ఒకసారి నీళ్ళ చెంబు కోసం పొయ్యి దగ్గరికి వెళ్ళాను. సాయంత్రం నాలుగు దాటింది. గుండిగ అడుగున మాడిన అన్నంలో మజ్జిగ పోసుకుని, బెల్లం ఆవకాయ ముక్క నంజుకుంటూ తింటోంది. పులిహోర ఏదని అడిగితే, "అయిపోయిందిలేరా, నాకు ఇష్టం కూడా లేదు" అంది. నమ్మేశాను. చాలా ఏళ్ళు నమ్మాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో తోటలు ఎలా పడిపోయాయో అప్పటి ఫొటోలు చూస్తే అర్థమవుతుంది. మా తోటలో కొబ్బరిచెట్లు వరసగా ఒకే పక్కకి ఒరిగి పడున్నాయి, ఎవరో చేత్తో తోసేసినట్టు. కార్తీకం నాటికి ఇంకా నెల తిరగలేదు. వనమే లేదు, ఇంక వనభోజనం ఎక్కడ? కొన్నేళ్ళు ఆ మాటే ఎత్తలేదు. కొత్తగా నాటిన జీడిమొక్కలు కింద మనిషి కూర్చోగలిగేంత ఎదిగాక, పోయినేడు మళ్ళీ కలుద్దాం అన్నారు. హైదరాబాద్ వాళ్ళు విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో పలాస వచ్చి దిగుతామన్నారు. వైజాగ్ వాళ్ళు కార్లలో. లెక్క వేస్తే నలభై మూడు మంది.

మా తరం వాళ్ళం ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక లిస్ట్ పెట్టాం. ఇంటికో ఐటమ్. ఆఫీసుల్లో పాట్‌లక్ అంటామే, అదే. దొడ్డమ్మకి డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. ఆవిడ పేరు ఎదురుగా "రెస్ట్" అని రాసి, పక్కన నవ్వే బొమ్మ కూడా పెట్టాం. మంచి పని చేశాం అనుకున్నాం. గంటలో ఫోన్ వచ్చింది.

"ఏటర్రా ఇది? నేను చచ్చాక పెట్టుకోండి మీ లిస్టులు."

అప్పట్నుంచీ నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇదే. ఒకరి మీద నుంచి బరువు దించడం ధర్మమే కదా. మరి ఆ మనిషి ఎందుకు అంత నొచ్చుకుంది?

గీత మూడో అధ్యాయంలో 13వ శ్లోకం మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. యజ్ఞం చేయగా మిగిలినది తినేవాళ్ళు పాపాల నుంచి బయటపడతారని, తమ కోసమే వండుకునేవాళ్ళు పాపాన్నే తింటారని దాని సారం. వనభోజనాల్లో ఎవరో ఒక పెద్దాయన ఈ మాట తప్పకుండా చెప్తారు. మా తోటలోనూ చెప్పేవారు, మొదటి బంతిలో కూర్చుని, రెండోసారి బూరెలు వేయించుకుంటూ. మిగిలినది తింటున్న మనిషి పొయ్యి దగ్గర ఉంది. ఆ శ్లోకం వినడానికి కూడా ఆవిడకి తీరిక లేదు.

పెద్దల సంప్రదాయం అదేనండీ అంటారు. ఏ సంప్రదాయం? మనుస్మృతి పేరు చెప్తే మీలో కొందరికి కోపం రావచ్చు. నాకూ అందులో ఒప్పుకోలేని మాటలు చాలా ఉన్నాయి. కానీ దాని మూడో అధ్యాయంలోనే గృహస్థు భోజనం గురించి చెప్పిన చోట ఏముందో చూడండి. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళకి, ఆడపిల్లలకి, జబ్బుపడినవాళ్ళకి, గర్భిణులకి అతిథుల కంటే ముందే పెట్టమంది. అందరూ తిన్నాక మిగిలినది తినాల్సింది భార్యాభర్తలిద్దరూ. ఇద్దరూ! మన బంతుల్లో ఆ ఇద్దరిలో ఒకరు మొదటి వరసలోకి ఎప్పుడు జారుకున్నారో ఎవరూ చెప్పరు.

పూరీ మాకు దూరమేం కాదు, రైలెక్కితే పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి ఉంటాం. అక్కడ జగన్నాథుడి వంటశాలలో వండేది మగవాళ్ళే. సువారాలని వాళ్ళకి పేరు. కట్టెల పొయ్యి మీద కుండ మీద కుండ పేర్చి వండుతారు. ఆనందబజారులో ఆ ప్రసాదాన్ని కులం అడగకుండా ఒకరి పక్కన ఒకరు కూర్చుని తింటారు, ఎంగిలి పట్టింపు కూడా లేదు. మా మావయ్యలు దాన్ని కళ్ళకద్దుకుని తిన్నవాళ్ళే. ఇంటికొచ్చాక మాత్రం గరిటె పట్టుకుంటే పరువు పోతుందనుకుంటారు. (కార్తీకంలో కులానికో వనభోజనం అని ఫ్లెక్సీలు కట్టడం ఇంకో కథ. మా తోట కాపలా కాసే ఆయన్ని, వాళ్ళ పిల్లల్ని మేం బంతిలో కూర్చోబెట్టింది పోయినేడే మొదటిసారి. రాయడానికి సిగ్గుగానే ఉంది.)

త్యాగం అనేది మనిషి తనంతట తాను చేసేది. ఏటా అదే మనిషి చేత చేయించుకుంటూ దానికి పుణ్యం అని పేరు పెడితే, అది మనకి సుఖంగా ఉంటుంది, అంతే. అయితే ఇక్కడితో ఆపేస్తే నేను సగం నిజమే చెప్పినట్టు. దొడ్డమ్మని ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ గుండిగ దగ్గర ఆవిడ మాటే చెల్లేది. ఏ కూర, ఎంత ఉప్పు, ఎవరికి ముందు వడ్డించాలి, అన్నీ ఆవిడ కనుసైగ మీదే. పొలం అమ్మకాల్లో గాని, పెళ్ళి సంబంధాల్లో గాని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. ఏడాదికి ఒక్క రోజు నలభై మంది ఆవిడ వైపు చూసేవారు. మేం ఆ ఒక్కటీ తీసేసి, నవ్వే బొమ్మ పెట్టాం. బరువూ, గౌరవమూ ఒకే గుండిగలో ఉంటే, బరువు ఒక్కదాన్నే దించడం ఎలా?

ఆ రోజు ఏం జరిగిందో చెప్తాను. మా పిన్ని కూతురు హైదరాబాద్ నుంచి షాపులో కొన్న స్వీట్లు మూడు డబ్బాలు తెచ్చింది. "చేత్తో చేసింది తెమ్మంటే కొనుక్కొచ్చింది" అని వెనకాల గొణుగుళ్ళు. తనకి నైట్ షిఫ్టులు, రెండేళ్ళ బాబు. నాకైతే తప్పనిపించలేదు, ఆ డబ్బు కూడా తన కష్టమే కదా. మా బావ ఒకాయన తన వంతుగా డబ్బులు ఫోన్‌లో పంపేసి, కుర్చీలోంచి కదలకుండా కూర్చున్నాడు. అది మాత్రం నచ్చలేదు. వంట రానివాడు విస్తళ్ళు ఎత్తొచ్చు, బావి నుంచి నీళ్ళు తేవొచ్చు. తెచ్చింది కొన్నదా, వండిందా అని చూడక్కర్లేదు. మనిషి లేచాడా లేదా అని చూస్తే చాలు.

దొడ్డమ్మ లిస్ట్‌ని లెక్కచెయ్యలేదు. నలభై మూడు మందికీ సరిపడా కంద బచ్చలి చేసి తెచ్చింది, నాలుగింటికే లేచి. మేం ఆవిణ్ణి మొదటి బంతిలో కూర్చోబెట్టాం. చిన్న మావయ్య వడ్డించాడు, చారు సగం ఆకులో, సగం ఆవిడ చీర మీద. ఆవిడ రెండు ముద్దలు తిన్నది, లేచింది. మళ్ళీ కూర్చోబెట్టాం. "కూరలో ఆవ సరిపోయిందా?" అని మెడ తిప్పి తిప్పి అందర్నీ అడుగుతూనే ఉంది. ఆకులో పులిహోర అలాగే ఉండిపోయింది. సాయంత్రం, ఎందుకు తినలేదని అడిగాను.

"ఆకలెయ్యలేదురా. ఎవరో వడ్డిస్తుంటే కొత్తింట్లో ఉన్నట్టుంది."

మాకు సరైన దారి దొరికిందని చెప్పలేను. ఈ ఏడు మాత్రం గ్రూప్‌లో ఎవరూ లిస్ట్ పెట్టలేదు. నేనే ఫోన్ చేసి, "దొడ్డమ్మా, ఎవరేం చెయ్యాలో నువ్వే చెప్పు, తరగడం, మొయ్యడం మావి" అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. మర్నాడు మా తమ్ముడి చేత ఒక కాగితం ఫొటో తీయించి పంపింది. పాత నోటుపుస్తకం చించిన కాగితం, పెన్సిల్ రాత. నా పేరు ఎదురుగా "పులిహోర, నిమ్మకాయ కాదు చింతపండు" అని ఉంది. చిన్న మావయ్యకి కంద తరిగే పని. మొన్న కుర్చీలో కూర్చున్న బావకి "గిన్నెలు". హైదరాబాద్ చెల్లికి "స్వీట్లు, కిందటేడివే, బాగున్నాయి".

అన్నిటికంటే కింద తన పేరు రాసుకుని, కొట్టేసి, పక్కనే మళ్ళీ రాసుకుంది. దాని ఎదురుగా ఏ ఐటమూ రాయలేదు.