దల్మా మీద మూసుకుపోయే దారులు

శరత్తు వస్తే దారులు తెరుచుకుంటాయన్నది మన పెద్దల లెక్క. వానాకాలమంతా ప్రస్రవణగిరి మీద ఆగిపోయిన రాముడు ఎదురుచూసింది శరత్తు కోసమే. రాజులు జైత్రయాత్రకు ముహూర్తం పెట్టుకున్నది విజయదశమికే. బురద ఆరుతుంది, ఏరు తేటపడుతుంది, బండి కదులుతుంది. మైదానంలో ఇదంతా నిజం. మా జంషెడ్‌పూర్ పక్కనున్న దల్మా కొండల్లో మాత్రం, జనం తక్కువగా తిరిగే కాలిబాటలు ఏడాది మొత్తంలో బాగా పూడుకుపోయి ఉండేది శరత్తులోనే.

సువర్ణరేఖ ఒడ్డున రెల్లు తెల్లగా పూసి ఊరిస్తుంటుంది. ఆకాశం కడిగినట్టుంటుంది. ఇక కొండెక్కొచ్చు అనిపిస్తుంది. తీరా వెళ్తే, జూన్ నుంచి వానలు తాగిన అడవి ఇంకా ఒక్క ఆకు కూడా వదిలి ఉండదు. ఇంగ్లీషు పాఠాల్లో చదువుకున్న ఆకులు రాలే కాలం ఇది కాదు. ఇక్కడి సాల చెట్లు ఆకు దులిపేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. అక్టోబరులో మనిషెత్తు గడ్డి, తీగలు, లాంటానా పొదలు రెండు పక్కల నుంచీ వచ్చి బాట మీద కలుసుకుంటాయి. పెద్ద సాలీళ్లు చెట్టుకూ చెట్టుకూ మధ్య సరిగ్గా ముఖానికి తగిలే ఎత్తున గూళ్లు కడతాయి. కాలు ఎక్కడ పడుతోందో కంటికి ఆనదు కాబట్టి పాముల భయం ఉంటుంది, చేతిలో కర్ర ఉండాల్సిందే. దల్మా రాళ్లు వంద కోట్ల ఏళ్లకు పైబడిన లావా రాళ్లు. నీడపట్టున వాటి మీద పాకుడు అంత తొందరగా పోదు, పైకి ఆరినట్టే కనిపించి కాలు జారుస్తుంది.

సుమారు మూడు వేల అడుగుల ఎత్తున్న శిఖరానికి మాకులకోచా చెక్‌పోస్టు వైపు నుంచి జీపులు పోయే దారి ఉంది. శివరాత్రికి జనం ఆ దారిన గుడికి వెళ్తారు. నేను చెబుతున్నది డిమ్నా చెరువు వైపు పల్లెల నుంచి పైకి పాకే సన్న బాటల సంగతి. వాటిని ఎవరూ వాడని దారులంటాం, పట్నం వాళ్లం. అది తప్పు. ఆ బాటలు వేసింది సంతాల్, భూమిజ్ ఇళ్ల ఆడవాళ్లు. కట్టెల మోపులతో, విస్తళ్లకు కోసిన సాల ఆకులతో, పట్నంలో అమ్మడానికి పళ్లపుల్లలతో దిగి దిగి వేశారు. పశువులు కొంత వేశాయి, ఏనుగులు కొంత వేశాయి. సరదాకి నడిచేవాళ్లు వేసిన బాట దల్మాలో నాకు కనబడలేదు.

ఒకసారి నాకు బాగా తెలిసిన బాట ఒకటి సగంలోనే మాయమైంది. కింద పల్లెలో ఒక పెద్దామెను అడిగితే, "ఇంటికి గ్యాస్ వచ్చింది బాబూ, కోడళ్లు ఇప్పుడు అటు వెళ్లడం లేదు" అంది. ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. నేను ఇష్టపడి నడిచిన దారి ఒక మనిషి నడుము నొప్పి మీద నిలబడి ఉంది. నడుముకు విశ్రాంతి దొరికేసరికి అడవి ఒకటి రెండు వానాకాలాల్లో దారిని వెనక్కి తీసేసుకుంది. దారి పోయిందని నేను బాధపడాలా, మోపు దిగిందని సంతోషించాలా? సంతోషించాలనే తేల్చుకున్నాను. కొండ మీద నాకు దొరికే ఏకాంతం కూడా ఇలాంటిదే. చాలాసార్లు దాని వెనక ఇంకొకరి పని ఉంటుంది. ఆ పని ఆగితే నా ఏకాంతానికి దారి మూసుకుపోతుంది. అలా మూసుకుపోవడం న్యాయమే అనుకోగలిగినప్పుడే ఆ దారిన నడిచే అర్హత మనకు కొంచెం వస్తుందని నా నమ్మకం.

ఏనుగుల సంగతి వేరు. శరత్తులో ప్రమాదం శిఖరం దగ్గర కంటే కొండ పాదం దగ్గరే ఎక్కువ. వరి కంకి పాలు పోసుకునే రోజుల్లో అవి పొలాల అంచులకు దిగుతాయి. 1980ల చివరి నుంచి దల్మా మందలు ఏటా పశ్చిమ బెంగాల్‌లోని మేదినీపూర్, బాంకురా వైపు సాగిపోవడం అలవాటైంది. అలసిపోయి చీకటివేళ పల్లెలోకి దిగే మనిషీ, వరికోసం బయలుదేరిన ఏనుగూ ఎదురుపడేది అక్కడే. పైగా ఇక్కడ పొద్దు త్వరగా వాలుతుంది. అక్టోబరు నడిమికి హైదరాబాదులో ఇంకా ఎండ ఉండగానే, ఐదుంబావు దాటితే ఇక్కడ సూర్యుడు ఉండడు. లోయలో చీకటి అంతకంటే ముందే పడుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఇక్కడి ఉక్కు కర్మాగారానికి పనికొచ్చిన మా పెద్దలకు దల్మా అంటే పొగగొట్టాల వెనక నీలపు గీతే. కార్తీకమాసంలో డిమ్నా గట్టున ఉసిరి చెట్టు కింద వనభోజనం చేసి, కొండకు దణ్ణం పెట్టి తిరిగొచ్చేవారు. కొండ దగ్గర అంతటి మర్యాద మా తరానికి రావాలని కోరుకుంటాను.

ఈ శరత్తులో దల్మా ఎక్కాలనుకుంటే, అది అభయారణ్యమని గుర్తుంచుకుని ముందు అటవీశాఖ అనుమతి తీసుకోండి. పల్లెవాళ్లలో ఒకరిని కూలి ఇచ్చి వెంట పిలుచుకోండి, ఏనుగుల జాడ వాళ్లనే అడగండి. మధ్యాహ్నం మూడుకల్లా కిందికి దిగిపోండి. మోపుతో ఎవరైనా ఎదురైతే మీరే పక్కకు తప్పుకుని దారివ్వండి.